వేసవి తెల్లవారుజామున చెరువు దగ్గర పక్షులను చూడటం, రాసుకోవడం ఎలా

చలికాలం అయిపోయి వలస బాతులు వెళ్లిపోగానే చాలామంది బైనాక్యులర్స్ తీసి లోపల పెట్టేస్తారు. నీళ్లు తగ్గిపోయాయి, ఎండలు మండిపోతున్నాయి, ఇక చెరువు దగ్గర చూడటానికి ఏముంది అంటారు. నిజానికి చాలా ఉంది. నీళ్లు తగ్గేకొద్దీ చేపలన్నీ మిగిలిన మడుగుల్లోకి చేరతాయి, వాటి కోసం కొంగలూ నీటికాకులూ గుంపులుగా దిగుతాయి. బయటపడిన బురద మీద, రాళ్ల మధ్య తీతువు పిట్టలు గుడ్లు పెడతాయి. ఏడాది పొడవునా ఉండే పక్షుల్లో చాలావాటికి ఇదే పిల్లల్ని పెంచే కాలం. మరీ ముఖ్యంగా, వేసవిలో చెరువుల దగ్గరికి వెళ్లి రాసుకునేవాళ్లు తక్కువ కాబట్టి మీరు రాసే ప్రతి జాబితాకూ విలువ ఎక్కువ. అరుదైన పక్షి కోసం వంద కిలోమీటర్లు వెళ్లడం కంటే, ఇంటి దగ్గరి మామూలు చెరువుకే పదే పదే వెళ్లి, చూసింది చూసినట్టు రాసిపెట్టడం పెద్ద పని అని నా గట్టి నమ్మకం. ఇక్కడ చెప్పేదంతా ఆ పని చేయాలనుకునేవాళ్ల కోసమే.

ముందు ఒక్క చెరువును ఎంచుకోండి

ఒకటి చాలు. అది అందమైనది కానక్కర్లేదు, పక్షులకు పేరు పొందినది అంతకంటే కానక్కర్లేదు. నిద్ర లేచిన ఇరవై నిమిషాల్లో చేరుకోగలిగేంత దగ్గరలో ఉండాలి, అంతే. దూరమైతే మొదటి వారం ఉత్సాహంగా వెళ్తారు, రెండో వారం బద్ధకిస్తారు, మూడో వారం మానేస్తారు.

ఒకరోజు పగటిపూట వెళ్లి చెరువు చుట్టూ ఓసారి నడిచి చూడండి. తూర్పు ఎటు, కట్ట ఎటు, తూము దగ్గర నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, జమ్ము ఎక్కడ పెరిగింది, ఎండిపోయిన చెట్లు నీళ్లలో ఎక్కడ నిలబడి ఉన్నాయి, ఇవన్నీ ఒక కాగితం మీద గీసుకోండి. నిలబడటానికి మూడు నాలుగు చోట్లు అనుకోండి. ఉదయం పూట సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, అంటే మీరు చెరువుకు తూర్పు గట్టున నిలబడి పడమరకు చూడాలి. ఎదురుగా ఎండ పడితే ఎంత ఖరీదైన బైనాక్యులర్స్ ఉన్నా ప్రతి పక్షీ నల్లటి నీడలాగే కనిపిస్తుంది, కాళ్ల రంగూ ముక్కు రంగూ ఏవీ తెలియవు. కొన్ని చెరువులకు అనుమతి లేకుండా వెళ్లకూడదు, అది కూడా ఆ రోజే కనుక్కోండి.

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా అవే చోట్ల, అదే వరుసలో ఆగండి. ఈ వారం సంఖ్యను వచ్చే వారం సంఖ్యతో పోల్చగలిగేది అప్పుడే.

ముందురోజు రాత్రి సర్దుకోవాల్సినవి

బైనాక్యులర్స్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 8x42 అని రాసి ఉంటే, 8 అనేది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అనేది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెప్తుంది. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం వెడల్పు వస్తుంది. 8x42కి అది 5 మిల్లీమీటర్ల పైనే, 8x25కి 3 మాత్రమే. మసక వెలుతురులో కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి తెల్లవారుజామున ఈ తేడా బాగా తెలుస్తుంది. రెట్లు ఎక్కువ ఉంటే మంచిదనుకుని 20 రెట్లవి కొనొద్దు. చేతిలో పట్టుకుంటే బొమ్మ వణుకుతూనే ఉంటుంది, కనిపించే మేర కూడా చిన్నదైపోయి ఎగిరే పక్షి దొరకదు. 8x42 గానీ 10x42 గానీ చాలు.

కొన్నాక మీ కళ్లకు సరిచేసుకోండి. కుడివైపు అద్దాన్ని మూసి, మధ్యలో ఉన్న చక్రం తిప్పుతూ ఎడమ కంటికి ఏదో ఒక బోర్డు మీది అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేయండి. తర్వాత ఎడమవైపు మూసి, ఈసారి మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగును మాత్రమే తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేసుకోండి. ఇక ఆ రింగును కదపనక్కర్లేదు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి దించుకోవాలి. చాలామంది ఇదేదీ చేయకుండా ఏళ్ల తరబడి మసకగా చూస్తూ, తమ బైనాక్యులర్స్ అంతేనేమో అనుకుంటారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చిన్న నోట్‌బుక్, పెన్సిల్ (చెమట తగిలితే పెన్ను సిరా చెదిరిపోతుంది), ఫుల్ ఛార్జ్ చేసిన ఫోన్, లీటరుకు తగ్గకుండా నీళ్లు, అంచు ఉన్న టోపీ, మట్టి రంగు లేదా ముదురాకుపచ్చ బట్టలు, చీలమండ దాకా కప్పే బూట్లు, చిన్న టార్చ్. తెల్ల చొక్కా మాత్రం వద్దు, దూరం నుంచే కనిపిస్తుంది. ఫోన్‌లో రెండు యాప్‌లు వేసుకోండి: చూసిన పక్షుల జాబితా రాసి పంపడానికి ఈబర్డ్, పక్షిని గుర్తు పట్టడంలో సాయానికి మెర్లిన్. రెండూ కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ వాళ్లవి, రెండూ ఉచితమే. మీ ప్రాంతపు పక్షుల ప్యాక్‌ను ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకుంటే చెరువు దగ్గర సిగ్నల్ లేకపోయినా పనిచేస్తాయి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి పడుకోండి.

ఎన్నింటికి చేరాలి

సూర్యోదయానికి అరగంట ముందు మీరు అక్కడ ఉండాలి. సూర్యోదయానికి బయల్దేరడం కాదు, అప్పటికే అక్కడ నిలబడి ఉండటం.

దీనికి కారణాలు ఒకటి కాదు. ఆ సమయంలో గాలి దాదాపు కదలదు, నీటి మీద చల్లటి గాలి పొర పరుచుకుని ఉంటుంది, దాని పైన కాస్త వెచ్చటి గాలి ఉంటుంది, దాంతో శబ్దం పైకి పోకుండా వంగి నీటి మీదుగానే చాలా దూరం వస్తుంది. అవతలి గట్టున అరిచిన నీటికోడి పక్కనే అరిచినట్టు వినిపిస్తుంది. మేత వెతుక్కునేంత వెలుతురు ఇంకా రాదు కాబట్టి మగపక్షులు ఆ సమయాన్ని కూతలకు వాడుకుంటాయి. రాత్రి జమ్ములోనో చెట్ల మీదో పడుకున్న కొంగలు మేతకు బయల్దేరేది కూడా అప్పుడే, గంట ఆలస్యంగా వెళ్తే అవి అక్కడ పడుకుంటాయన్న సంగతే మీకు తెలియదు.

ఇంకోటి, ఇది చెరువుల దగ్గర తిరిగేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం. రాత్రంతా నీటిమొక్కలూ నాచూ ఆక్సిజన్‌ను వాడుకుంటాయే తప్ప తయారు చేయవు. పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. అందుకే వేసవిలో నీటిలోని ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా తెల్లవారే వేళకే. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. ఎక్కడ అలా జరుగుతుందో అక్కడ కొంగలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక మూల అకస్మాత్తుగా పక్షులన్నీ ఎందుకు చేరాయో అర్థం కానప్పుడు నీటి ఉపరితలాన్ని చూడండి, జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఎండెక్కాక నేల వేడెక్కి గాలి అలలు అలలుగా కదలడం మొదలవుతుంది, అప్పుడు దూరంగా ఉన్నదేదీ స్థిరంగా కనిపించదు. పక్షులు కూడా నోళ్లు తెరిచి గొంతు ఆడిస్తూ ఒంట్లో వేడి తగ్గించుకుంటూ నీడల్లోకి పోతాయి. సూర్యోదయం తర్వాత రెండు రెండున్నర గంటలు చూసి వచ్చేయండి.

చేరగానే నడవకండి

మొదటి పది నిమిషాలు ఒకేచోట నిలబడండి. వింటూ ఉండండి. టార్చ్ ఆర్పేయండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, చాలా ఫోన్లలో అలా పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది. బైక్ అయినా కారు అయినా దూరంగా ఆపి, తలుపు మెల్లగా వేసి రండి.

ఈ పది నిమిషాల్లో నోట్‌బుక్‌లో పై భాగం నింపండి: తేదీ, మొదలుపెట్టిన సమయం, చోటు, మీతో ఎంతమంది ఉన్నారు, మబ్బు ఎంత, గాలి ఎటు నుంచి, నీటిమట్టం ఎంత. నీటిమట్టానికి ఒక స్థిరమైన గుర్తు పెట్టుకోండి, తూము మెట్లో, ఓ పెద్ద బండరాయో. ‘రెండో మెట్టు బయటపడింది’ అని రాస్తే చాలు. రెండు మూడు వేసవులు గడిచాక పక్షుల సంఖ్యలను ఆ మెట్ల పక్కన పెట్టి చూస్తే, ఏ పక్షి ఎంత లోతు నీళ్లకు వస్తుందో మీ చెరువు మీకే చెప్తుంది.

చూడటం

పక్షి కనిపించగానే పుస్తకంలోకో యాప్‌లోకో తల దించొద్దు. పక్షి ఎగిరిపోతుంది, పుస్తకం ఎక్కడికీ పోదు. ముందు పరిమాణం చూడండి: పిచ్చుకంతా, మైనా అంతా, కాకి అంతా, గద్దంతా? తర్వాత ముక్కు, కాళ్లు, తోక ఆకారం. ఆ తర్వాత ఏం చేస్తోంది: మునుగుతోందా, ఈదుతూ తల మాత్రమే ముంచుతోందా, బురదలో పొడుస్తోందా, గాలిలో నిలబడి కిందికి దూకుతోందా? రంగును చివరికి ఉంచండి, ఎందుకంటే మసక వెలుతురులో రంగులే ఎక్కువ మోసం చేస్తాయి.

కొన్ని గుర్తులు మాత్రం మొదటి నెలలోనే పట్టుబడతాయి. ఎగిరేటప్పుడు మెడను ముడుచుకుంటే నారాయణపక్షి, తెల్లకొంగ, గుడ్డికొంగ లాంటివి. మెడను ముందుకు చాచి ఎగిరితే పెద్ద కొంగలు, అంటే స్టార్క్‌లు, లేదా కంకణాలు, తెడ్డుమూతి కొంగలు. నీటి మీద చిన్న ముద్దలా తేలుతూ చూస్తుండగానే బుడుంగున మునిగి ఇంకెక్కడో లేచేది బుడబుంగ. వేసవిలో దాని మెడ ముదురు గోధుమ ఎరుపులోకి మారుతుంది, ముక్కు మొదట్లో పసుపు మచ్చ వస్తుంది, గట్టిగా వణికే కూత కూస్తుంది. అది గూడు వదిలి వెళ్లేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పి పోతుంది, కాబట్టి నీళ్లలో తేలే చెత్తకుప్పలా కనిపించేదల్లా చెత్త అనుకోకండి. పిల్లలు పుట్టాక వాటిని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, రెక్కల మధ్య నుంచి చారల తలలు బయటికి చూస్తుంటాయి. తామరాకుల మీద పొడవాటి వేళ్లతో నడిచే జకానాల్లో గుడ్లు పొదిగేదీ పిల్లల్ని పెంచేదీ మగపక్షే, ఇది తెలిసి చూస్తే వాటి గొడవలన్నీ వేరేగా కనిపిస్తాయి.

వేసవిలో వేషాలు మారతాయన్నది గుర్తుంచుకోండి. చలికాలంలో తెల్లగా ఉన్న పశువుల కొంగకు తల, మెడ, వీపు నారింజ రంగు వస్తాయి. గుడ్డికొంగ వీపు ముదురు ఎరుపవుతుంది. చిన్న తెల్లకొంగకు తల వెనక రెండు సన్నటి ఈకలు వేలాడతాయి. చల్లటి దేశాల బాతుల్లో మగవి ఈకలు రాల్చుకుని ఆడవాటిలాగే కనిపిస్తాయి, కొన్నాళ్లు ఎగరలేవు కూడా. పుస్తకంలో ఒకే బొమ్మ చూసి ఇది కాదని తేల్చేయకుండా, ఆ పక్షికి ఏ కాలంలో ఏ వేషం ఉంటుందో చదవండి.

గుర్తు పట్టలేనివి ఉంటాయి, ఎప్పటికీ ఉంటాయి. ‘ఏదో తెల్లకొంగ’, ‘ఏదో చిన్న బురదపిట్ట’ అని రాయడం తప్పేమీ కాదు. ఈబర్డ్‌లో అలాంటి వాటికి విడిగా ఎంపికలు కూడా ఉన్నాయి. ఊహించి పేరు రాయడమే తప్పు.

లెక్కపెట్టడం

పది పదిహేను పక్షులైతే ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. గుంపు పెద్దదైతే ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పదీ ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకోండి, ఆ మేర మొత్తం గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. వందలు దాటితే పదికి బదులు యాభైతో అదే పని. గుంపు ఒకచోట దట్టంగా, ఒకచోట పలుచగా ఉంటుంది కాబట్టి రెండు చోట్ల నుంచి కొలత తీసుకోండి. రెండు మూడు రకాలు కలిసి ఉంటే ముందు మొత్తం అంచనా వేసి, తర్వాత గుంపులో ఒక భాగాన్ని చూసి పదిలో ఏ రకం ఎన్నో తేల్చుకుని విడగొట్టండి.

ఒకే దిశలో కదలండి, వెనక్కి రాకండి. ఒకసారి లెక్కపెట్టిన పక్షులను మళ్లీ లెక్కించకుండా ఉండటానికి ఇది సాయపడుతుంది. సంఖ్య రాయకుండా ‘ఉంది’ అని గుర్తు పెట్టడం సులువే, కానీ ఉజ్జాయింపు సంఖ్య అయినా దానికంటే చాలా మేలు. ‘సుమారు 120’ అన్నదాంట్లో ఉన్న సమాచారం ‘చాలా’ అన్నదాంట్లో లేదు.

జాబితాలో ఏం ఉండాలి

ఈబర్డ్ 2002లో మొదలైంది, ఇప్పుడు ప్రపంచమంతటా లక్షల మంది అందులో రాస్తున్నారు, పక్షులు ఎక్కడ తగ్గుతున్నాయో ఎక్కడ పెరుగుతున్నాయో లెక్కగట్టే శాస్త్రవేత్తలు ఆ జాబితాలను వాడుకుంటున్నారు. అందులో ఒక ప్రశ్న వస్తుంది: గుర్తు పట్టగలిగిన పక్షులన్నింటినీ రాశారా? దీనికి ‘అవును’ అని నిజాయితీగా చెప్పగలిగేలా చూడటమే మీ లక్ష్యం. కాకి, పావురం, మైనా కూడా రాయాలి. అన్నీ రాసిన జాబితాలో ఏదైనా పక్షి లేకపోతే అది ఆ రోజు మీకు కనిపించలేదనీ, వినిపించలేదనీ అర్థం, ఆ లేకపోవడం కూడా సమాచారమే. నచ్చినవి మాత్రమే రాస్తే ఆ అర్థం పోతుంది.

ఒకచోటే 30 మీటర్ల లోపు ఉండి చూస్తే అది స్థిరంగా చూసిన జాబితా. నడిస్తే నడిచిన దూరం నమోదవుతుంది. పక్షులు చూడటం ఆపి టీ తాగడానికి కూర్చుంటే జాబితా కూడా అక్కడే ఆపేయండి. పెద్ద చెరువైతే రెండు గట్లకూ కలిపి ఒకే పెద్ద జాబితా కాకుండా, ఒక్కో చోటికి విడిగా చిన్న జాబితాలు చేయండి.

వేసవిలో అదనంగా రాయాల్సింది పక్షుల ప్రవర్తన. పుల్ల మోసుకెళ్తోందా, నోట్లో పురుగు పెట్టుకుని ఒకే దిక్కుకు మళ్లీ మళ్లీ పోతోందా, పిల్లలకు మేత పెడుతోందా, గాయపడినట్టు రెక్క ఈడుస్తూ మిమ్మల్ని దూరం తీసుకుపోతోందా? ఇవన్నీ గూడు ఉందనడానికి గుర్తులు, ఈబర్డ్‌లో ఒక్కోదానికి ఒక్కో కోడ్ ఉంది. గూటి దగ్గరికి వెళ్లకుండానే, దూరం నుంచే ఇవన్నీ రాయొచ్చు.

గూళ్ల విషయంలో

ఇక్కడ కాస్త గట్టిగానే చెప్తాను. వేసవిలో మీరు గూటి దగ్గర నిలబడిన ప్రతి నిమిషం తల్లిపక్షి గుడ్ల మీద లేదు. నేల మీద, నీడ లేని చోట ఉన్న గుడ్లకు ఆ పక్షి వేడి ఇవ్వడం కాదు, నీడ ఇస్తోంది. ఎర్ర తీతువు నీళ్లలోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. మధ్యాహ్నపు ఎండలో ఆ పని కాసేపు ఆగిపోతే లోపలి పిల్ల చనిపోవచ్చు.

కాబట్టి తీతువు తల మీద తిరుగుతూ అరవడం మొదలుపెడితే మీరు గూటికి దగ్గరలో ఉన్నారని అర్థం. గూడు కోసం వెతకొద్దు. ఆగి, కాళ్ల ముందు నేలను చూసుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి. ఆ గుడ్లు మట్టి రంగులో మచ్చలతో గులకరాళ్లలో కలిసిపోయి ఉంటాయి, వెతుకుతూ తిరిగేవాళ్లే వాటిని తొక్కేస్తారు. పొడవాటి గులాబీ కాళ్ల స్టిల్ట్‌లు, చిన్న ప్లవర్‌లు, టెర్న్‌లు కూడా ఇలాగే బయలు నేల మీద పెడతాయి. అందుకే బయటపడిన చెరువు గర్భంలోకి అసలు దిగకుండా గట్టు మీదే ఉండటం మంచిది. మీ అడుగుజాడల వాసన పట్టుకుని కుక్కలూ ముంగిసలూ వచ్చే ప్రమాదం కూడా ఉంది.

కూతల రికార్డింగ్ ప్లే చేసి పక్షిని బయటికి రప్పించడం ఈ కాలంలో పూర్తిగా మానేయండి. ఇంకో మగపక్షి వచ్చిందనుకుని అది మేతా గూడూ వదిలి మీ ఫోన్‌తో పోట్లాటకు వస్తుంది. డ్రోన్ కూడా వద్దు. పక్షి మేత ఆపి తల ఎత్తి మిమ్మల్నే చూస్తోందంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చేశారు.

శబ్దాలు రికార్డ్ చేయడం

ఫోన్ చాలు, మొదలుపెట్టడానికి వేరే మైక్ అవసరం లేదు. అయితే కొన్ని చూసుకోవాలి. రికార్డర్ యాప్ సెట్టింగ్స్‌లో వేవ్ (WAV) ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోండి. ఎంపీ3 ఫైల్ చిన్నదవడానికి శబ్దంలో కొంత భాగాన్ని తీసేస్తుంది, అది మళ్లీ రాదు. నాయిస్ రిడక్షన్ ఆపేయండి, అది మనుషుల మాటల కోసం చేసింది, పక్షి కూతను కూడా గోలగా భావించి కొట్టేస్తుంది. ఫోన్ మైక్ ఎక్కడుందో చూసి ఆ వైపును పక్షికి తిప్పండి, వేలు అడ్డం రాకుండా పట్టుకోండి, గాలి వీస్తుంటే మీ ఒంటినే గాలికి అడ్డం పెట్టండి. కనీసం నిమిషం పాటు కదలకుండా ఉండాలి. బట్ట రాసుకున్న చప్పుడు, నీళ్ల సీసా చప్పుడు, ఊపిరి చప్పుడు అన్నీ పడతాయి.

కూత అయిపోయాక రికార్డింగ్ ఆపకుండా, రెండు క్షణాలు ఆగి, మీ గొంతుతోనే తేదీ, సమయం, చోటు, పక్షి పేరు, అది కనిపించిందా వినిపించిందా, ఏం చేస్తోంది అన్నవి చెప్పండి. ఇంటికి వెళ్లాక పది ఫైళ్లలో ఏది ఏదో తెలియక తల పట్టుకునే టెన్షన్ ఉండదు. తర్వాత కత్తిరించేటప్పుడు కూతకు ముందూ వెనకా మూడేసి సెకన్ల నిశ్శబ్దం వదలండి.

మెర్లిన్ శబ్దం విని పేర్లు చూపిస్తుంది, నేర్చుకునేవాళ్లకు ఇది గొప్ప సాయం. కానీ అది చూపించిన పేరును ఆ దిక్కుకు చూడమన్న సూచనగా తీసుకోండి, జాబితాలో నేరుగా దించేయకండి. వేరే పక్షుల కూతలను అనుకరించే పక్షులున్నాయి, దూరం నుంచి వచ్చే హారన్లున్నాయి, యాప్ పొరబడుతుంది. మీరు విని, వీలైతే చూసి, నమ్మకం కుదిరాకే రాయండి.

ఫొటోల గురించి తక్కువే చెప్తాను. రికార్డు కోసం తీసే ఫొటో అందంగా ఉండక్కర్లేదు, ముక్కు, కాళ్లు, పక్క నుంచి ఒళ్లు కనిపిస్తే చాలు. కెమెరా ఉంటే తెల్లకొంగలకు ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించండి, లేకపోతే ఈకలన్నీ కలిసి తెల్లటి మరకగా వస్తాయి. కెమెరా లేకపోతే బైనాక్యులర్స్ వెనక ఫోన్ ఆనించి తీసినా గుర్తు పట్టడానికి సరిపోతుంది.

పక్షులు కాక మిగతావి

తడి బురద రాత్రి జరిగినదంతా దాచిపెడుతుంది. ముంగిస, ఉడుము, తాబేలు, కొన్ని చోట్ల నీటికుక్క, వీటి అడుగులు ఎండెక్కి బురద పగిలేలోపే స్పష్టంగా ఉంటాయి. పక్కన స్కేలు గానీ పెన్సిల్ గానీ పెట్టి, నేరుగా పై నుంచి ఫొటో తీయండి. ఒక్క అడుగే కాకుండా నాలుగైదు అడుగుల వరుస కూడా తీస్తే నడక తీరు తెలుస్తుంది.

తూనీగలను చూడటానికి తెల్లవారుజాము చాలా మంచి సమయం. ఒళ్లు వేడెక్కేదాకా అవి ఎగరలేవు, రెక్కల మీద మంచు బిందువులతో గడ్డిపరకలకు అంటుకుని ఉంటాయి, పగలంతా దగ్గరికి రానివ్వని తూనీగ అప్పుడు కదలకుండా ఉంటుంది. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, తోక చివర ఒకటి ఫొటో తీసుకోండి. జమ్ము కాడల మీద ఖాళీ డొల్లలు కనిపిస్తే అవి నీళ్లలోంచి పైకి వచ్చిన తూనీగ పిల్లలు విడిచినవి. అంటే అది ఆ చెరువులోనే పుట్టిందని రుజువు, ఎగిరే తూనీగ కంటే ఆ డొల్లే గట్టి సాక్ష్యం. మొదటి వాన పడిన మర్నాడు మాత్రం కప్పల కోసం ఇంకా ముందే, చీకట్లోనే వెళ్లి వాటి అరుపులు రికార్డ్ చేయండి.

ఇవన్నీ ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెట్టొచ్చు, అందులో పక్షులే కాదు, ఏ జీవినైనా నమోదు చేయొచ్చు. ఫొటో లేదా శబ్దం, తేదీ, చోటు ఉంటే మిగతావాళ్లు చూసి పేరు చెప్తారు, మీకు పేరు తెలియకపోయినా ‘తూనీగ’ అని పెట్టి వదిలేయొచ్చు.

పక్షులు చనిపోయి కనిపిస్తే

నీళ్లు తగ్గి వేడెక్కిన చెరువుల్లో బొట్యులిజం వస్తుంది. ఆక్సిజన్ లేని వెచ్చటి బురదలో క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది, చచ్చిన పక్షిలో పుట్టిన పురుగుల్లో ఆ విషం చేరుతుంది, వాటిని తిన్న బాతులు చచ్చిపోతాయి, మళ్లీ వాటిలో పురుగులు. మెడ నిలపలేక వాలిపోయి, రెక్కలు ఆడించలేక నీటి అంచున పడి ఉన్న పక్షులు కనిపిస్తే ఇదే కావచ్చు, బర్డ్ ఫ్లూ లాంటిది కూడా కావచ్చు. ముట్టుకోవద్దు, కుక్కను దగ్గరికి పోనివ్వొద్దు. దూరం నుంచి ఫొటోలు తీసి, ఏ రకం ఎన్ని, ఎక్కడ అని రాసుకుని, ఆ రోజే అటవీ శాఖకో పశువైద్య శాఖకో చెప్పండి. శవాలను త్వరగా తీసేస్తే ఆ గొలుసు తెగుతుంది, అందుకే ఒక్క రోజు ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది.

మీ జాగ్రత్త

ఎండిన చెరువు అంచున పైన పెళుసుగా పగుళ్లు కనిపించినా కింద మోకాలి లోతు బురద ఉండొచ్చు. పైకి గట్టిగా కనిపించిందని అడుగు వేయకండి. చీకట్లో జమ్ములోకి, రాళ్ల సందుల్లోకి కాలూ చెయ్యీ పెట్టొద్దు, పాములు చల్లదనానికి అక్కడే ఉంటాయి. దాహం వేయకముందే కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండండి. తలనొప్పి, కళ్లు తిరగడం, కడుపులో వికారం మొదలైతే జాబితా అక్కడే ఆపి నీడకు వెళ్లండి. మాట తడబడటం, అయోమయం కనిపిస్తే అది వడదెబ్బ, ఒంటి మీద నీళ్లు పోస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పిల్లలతో వెళ్తే గంటన్నర చాలు.

ఇంటికి వచ్చాక

నిద్ర ముంచుకొస్తుంది, అయినా ఆ రోజే జాబితా పూర్తి చేయండి. రేపటికి వదిలితే ఆ రెండో కొంగ పెద్దదా మధ్య రకమా అన్న జ్ఞాపకం పోతుంది. నోట్‌బుక్‌లో ఉన్నదీ యాప్‌లో ఉన్నదీ పోల్చి, సంఖ్యలు సరిచూసి, ఫొటోలూ శబ్దాలూ జతచేసి పంపండి. మామూలుగా ఆ కాలంలో ఉండని పక్షిని రాస్తే ఈబర్డ్ వివరాలు అడుగుతుంది, ఆ తర్వాత ఒక సమీక్షకుడు మీకు ఈమెయిల్ కూడా రాయొచ్చు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు. అందరినీ అలాగే అడుగుతారు. ఏం చూశారో, ఎంత దూరం నుంచి, ఏ వెలుతురులో, దాన్ని పోలిన ఇంకో పక్షి ఎందుకు కాదనుకున్నారో నాలుగు వాక్యాలు రాయండి. నమ్మకం లేకపోతే పేరు మార్చేయండి. ‘చాలా బాగా కనిపించింది’ అన్నది వివరం కాదు.

అరుదైన పక్షి గూడు కనిపిస్తే కచ్చితమైన చోటును ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టకండి. మర్నాటికల్లా అక్కడ కెమెరాలు గుమిగూడతాయి. ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల చోటును ఈబర్డ్, ఐనాచురలిస్ట్ వాటంతట అవే దాస్తాయి, మిగతావాటికి మీరే ఐనాచురలిస్ట్‌లో చోటును అస్పష్టంగా ఉంచే ఎంపిక పెట్టుకోవచ్చు. పిల్లలు ఎగిరిపోయాక ఫొటో పెట్టండి.

వారానికి ఒకసారి వీలైతే మంచిది, లేకపోతే పదిహేను రోజులకు ఒకసారి, అదే గట్టు, అదే సమయం. వానలు పడి అలుగు పారాక కూడా ఆపకండి, తీతువులు గుడ్లు పెట్టిన చోటు ఎప్పుడు మునిగింది, మునిగేలోపు పిల్లలు బయటపడ్డాయా లేదా అన్నది రాయగలిగేది అప్పటిదాకా వెళ్తున్నవాళ్లు మాత్రమే.